వైద్య నిర్లక్ష్యం కేసుకు జిల్లా వినియోగదారుల కమిషన్: ఫీజు నామమాత్రం, వాయిదాలే భారం

సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేస్తే, అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆ బెడద లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం చూసేది ఆస్పత్రికి కట్టిన బిల్లునే. బిల్లు 4.8 లక్షలైతే, పరిహారం 80 లక్షలు అడిగినా కేసు జిల్లా కమిషన్‌లోనే, ఫీజు సున్నా. బిల్లు 5 లక్షలు దాటితే 200 రూపాయలు, 10 దాటితే 400, 20 నుంచి 50 లక్షల దాకా వెయ్యి. పాత చట్టం అలవాటుతో పరిహారం అంకె చూసి రాష్ట్ర కమిషన్‌కు పోతే ఫైలు తిరిగొస్తుంది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకున్న శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా అయినా సరే. ఎవరి దగ్గరా పైసా తీసుకోని ప్రభుత్వాసుపత్రి మాత్రం దీని కిందికి రాదు.

కేసులు ఎక్కువగా వీగిపోయేది కాగితాల దగ్గర. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే పట్టుకొస్తే లాభం లేదు. పూర్తి కేస్ షీట్ కావాలి: నర్సుల నోట్స్, అనస్థీషియా చార్టు, సమ్మతి పత్రాలు, ఐసీయూ చార్టు. ఎన్ని గంటలకు డాక్టర్‌ను పిలిచారు, ఎప్పుడొచ్చాడు అన్నది తేలేది వాటిలోనే. రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధన.

రోగి కోలుకోలేదన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. మలేరియా రోగికి టైఫాయిడ్ మందులిచ్చిన హైదరాబాద్ కేసులో (కిషన్‌రావు, 2010) ప్రతి కేసుకూ నిపుణుడి అభిప్రాయం అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. నిజమే, కానీ వివాదం సర్జరీ పద్ధతి మీదైతే అదే విభాగం డాక్టర్ అభిప్రాయం లేకుండా దిగడం దండగ.

అసలు లోపం ఆలస్యం. ఎదుటి పక్షం జవాబుకు 30 రోజులు, మరీ అయితే ఇంకో 15. తీర్పు మూడు నెలల్లో, వస్తువులకు ల్యాబ్ పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో రావాలని చట్టం. వాయిదాలు చూస్తే ఏళ్లు. నిమ్స్‌లో 1990లో ఆపరేషన్ తర్వాత కాళ్లు చచ్చుబడిన విద్యార్థికి సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది 2009లో. ఒక మంచి ఏర్పాటు ఉంది: జిల్లా తీర్పు మీద అప్పీలుకు వెళ్లే ఆస్పత్రి సగం డబ్బు ముందే జమ చేయాలి.

పరిహారానికి పరిమితి పెడితే డాక్టర్లు కేసుల భయంతో రాసే పరీక్షలు తగ్గి, బిల్లులు దిగుతాయని కొందరంటారు. కాలిఫోర్నియాలో 1975 నుంచి బాధ, వేదనలకిచ్చే పరిహారానికి 2.5 లక్షల డాలర్ల పరిమితి ఉండేది. 2022 సవరణతో పెరిగింది. మన దగ్గరా అలాంటి పరిమితి పెడితే బిల్లులు దిగుతాయంటే నమ్మబుద్ధి కాదు. అక్కర్లేని స్కాన్లు రాసేది కేసుల భయంతోనే కాదు, స్కాన్ సెంటర్లిచ్చే కమిషన్ల కోసం కూడా (ఆ కమిషన్లు వేరు).

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. అది దాటితే ఆలస్యానికి కారణం చూపిస్తూ ఫిర్యాదుతో పాటే వేరే అర్జీ పెట్టాలి. ఆస్పత్రితో రాజీ మాటలు నడుస్తున్నాయన్న కారణం సాధారణంగా నిలవదు.