జీవితాంతపు పింఛనా, చేతిలోని నిధా: విశ్రాంత జీవితానికి ఏది మేలు?

ఉద్యోగం చేసినంత కాలం డబ్బు ఎలా కూడబెట్టాలో చెప్పేవారికి కొదవ ఉండదు. కూడబెట్టిన దానిని ఎలా వాడుకోవాలన్న ప్రశ్న మాత్రం పదవీ విరమణ చేసిన మర్నాడే ఎదురవుతుంది. రెండింటిలో కష్టమైనది ఇదే. కూడబెట్టేటప్పుడు జరిగిన పొరపాటును మరో నాలుగేళ్ళు పనిచేసి సరిదిద్దుకోవచ్చు గానీ, ఖర్చుపెట్టుకునేటప్పుడు జరిగిన పొరపాటును దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు.

విరమణ నాడు చేతికి వచ్చిన మొత్తానికి ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. దానిని బీమా సంస్థకు అప్పగించి, బతికి ఉన్నంత కాలం నెలనెలా నిర్ణీత మొత్తం అందుకోవడం మొదటిది. దీనినే యాన్యుటీ అంటున్నాం. మొత్తాన్ని షేర్లలో, బాండ్లలో మన పేరనే ఉంచుకుని, అవసరమైన మేరకు ఏటా కొంత తీసుకుంటూ పోవడం రెండవది. అంతా డిపాజిట్ చేసి వడ్డీతో గడుపుకోవాలనే మూడో ఆలోచన చాలామందికి ఉంటుంది. అయితే వడ్డీ మొత్తాన్నీ ఖర్చుచేస్తే అసలు అంకెల్లో అలాగే ఉన్నా దాని విలువ కరిగిపోతుంది, రేట్లు తగ్గిన ఏడాది ఆదాయమూ తగ్గుతుంది. ఒకటి రెండేళ్ళ ఖర్చుకు సరిపడా సొమ్మును అందుబాటులో ఉంచుకోవడానికి డిపాజిట్ మంచిదే గానీ, ముప్ఫై ఏళ్ళ జీవితాన్ని దాని మీద నిలబెట్టడం క్షేమం కాదు.

యాన్యుటీ అసలు బలం ఎక్కడుందో చాలామంది గమనించరు. ఒకే వయసున్న పదిమంది వృద్ధులు తలా 100 చొప్పున ఒకచోట వేసి, ఏడాది తిరిగేసరికి బతికి ఉన్నవారే పంచుకోవాలని ఒప్పుకున్నారనుకుందాం. ఆ ఏడాదిలో ఒకరు కాలం చేస్తే, మిగిలిన తొమ్మిదిమందికి తలా 111 వస్తాయి. ఆ డబ్బును ఎక్కడా మదుపు చేయకుండానే బతికి ఉన్నవారికి 11 శాతం అదనంగా దక్కిందన్నమాట. త్వరగా వెళ్ళిపోయినవారి సొమ్ము ఎక్కువ కాలం బతికినవారికి ఆసరా అవుతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ అదనపు భాగమూ పెరుగుతుంది. ఎంత తెలివైన మదుపరి అయినా ఒంటరిగా దీనిని సృష్టించుకోలేడు. వారసులకు ఏమీ మిగల్చనక్కరలేని మనిషి, న్యాయమైన ధరకు దొరికేటట్లయితే, తన సొమ్మంతటినీ యాన్యుటీలోనే పెట్టడం మేలని ఆర్థికవేత్త మెనాహెమ్ యారీ 1965లో సిద్ధాంతరీత్యా నిరూపించారు. అయినా యాన్యుటీలను కొనేవారు ఇంత తక్కువగా ఎందుకున్నారని మరో ఆర్థికవేత్త ఫ్రాంకో మోదిల్యానీ 1985లో నోబెల్ ప్రసంగంలో ఆశ్చర్యపోయారు.

దీర్ఘాయువు ఎంత బరువైనదో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో జరిగిన ఒక ఒప్పందం చూపిస్తుంది. 1965లో జాన్ కల్మాన్ అనే 90 ఏళ్ళ వృద్ధురాలు తన ఫ్లాట్‌ను ఒక న్యాయవాదికి రాసి ఇచ్చారు. తాను బతికినంత కాలం ఆ ఇంట్లోనే ఉంటారు, ఆయన నెలనెలా నిర్ణీత సొమ్ము చెల్లిస్తారు. అప్పటికి ఆయన వయసు 47 ఏళ్ళు. ముప్ఫై ఏళ్ళు చెల్లించి, 1995లో ఆయనే ముందు కన్నుమూశారు. ఆ తరువాత ఆయన కుటుంబం చెల్లించవలసి వచ్చింది. ఆమె 1997లో 122వ ఏట మరణించారు. ఒక మనిషి ఆయుష్షు మీద మరొక మనిషి ఒంటరిగా పందెం కాస్తే ఇలా మునిగిపోవచ్చు. వేలమందిని కలిపి లెక్కవేసే సంస్థకు ఆ ప్రమాదం చాలా తక్కువ. సొంత నిధిని నమ్ముకుని బతికేవారు తమ ఆయుష్షు మీద తామే ఆ న్యాయవాదిలా పందెం కాస్తున్నారని నాకు అనిపిస్తుంది.

ఇంత చెప్పినా యాన్యుటీలో లోపాలు చిన్నవి కావు. నిర్ణీత మొత్తం ఇచ్చే రకం అయితే ధరలు దానిని ఏటేటా కొరికేస్తుంటాయి. 72ను ద్రవ్యోల్బణం శాతంతో భాగిస్తే డబ్బు విలువ సగమయ్యే కాలం ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ధరలు ఏటా 4 శాతం పెరిగితే, 60వ ఏట మొదలైన పింఛనుకు 78వ ఏట సగం సరుకే వస్తుంది. సరిగ్గా మందుల ఖర్చు పెరిగే వయసు అది. పైగా ఒకసారి అప్పగించిన సొమ్ము సాధారణంగా తిరిగి రాదు. పెద్ద శస్త్రచికిత్స అవసరం పడినా, పిల్లలకు ఆపద వచ్చినా దానిని కదిపే వీలుండదు. కొన్న రోజున వడ్డీ రేట్లు తక్కువగా ఉంటే ఆ తక్కువ రాబడే జీవితాంతం వెంట వస్తుంది. చెల్లించవలసిన సంస్థ అన్ని దశాబ్దాలూ నిలబడి ఉండాలన్న షరతు సరేసరి.

సొంత నిధి దగ్గరికి వస్తే, అందరికీ మొదట గుర్తొచ్చేది 4 శాతం సూత్రం. విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు 1994లో తన దేశపు గత లెక్కలను పరిశీలించి, మొదటి ఏడాది నిధిలో 4 శాతం తీసుకుని, ఆ తరువాత ఆ మొత్తాన్ని ధరలతో పాటు పెంచుకుంటూ పోయినా ముప్ఫై ఏళ్ళకు తక్కువ కాకుండా నిధి నిలిచిందని చూపించారు. ఇది ఒక దేశపు చరిత్ర మీద ఆధారపడిన సూత్రమే తప్ప హామీ కాదు. జపాన్ షేర్ల ధరలను కొలిచే నిక్కీ సూచీ 1989 చివర్లో తాకిన శిఖరాన్ని మళ్ళీ దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా ఆగవలసి వచ్చింది. ఆ శిఖరం మీద విరమణ చేసి, సొమ్మంతా అక్కడి షేర్లలోనే ఉంచుకున్నవారి సంగతి తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

సొంత నిధికి పొంచి ఉన్న అసలు గండం సగటు రాబడి తగ్గడం కన్నా, నష్టాలు ముందే రావడం. 100తో మొదలుపెట్టి, ప్రతి ఏడాది ఆరంభంలో 5 తీసుకుంటున్నామనుకుందాం. నాలుగేళ్ళ రాబడులు వరుసగా 20 శాతం నష్టం, 10 శాతం నష్టం, 25 శాతం లాభం, 30 శాతం లాభం అయితే చివరకు 89 మిగులుతుంది. ఇవే రాబడులు తలకిందులుగా, లాభాలు ముందూ నష్టాలు వెనుకా వస్తే 99 మిగులుతుంది. ఏమీ తీసుకోకుండా ఉంటే రెండు వరుసల్లోనూ 117 దగ్గరే ఆగేది. అంటే రెండేళ్ళ ఖర్చు కేవలం వరుస మారడం వల్ల పోయింది. పడిపోయిన ధరకు అమ్మిన షేర్లు మళ్ళీ లేచేటప్పుడు మన దగ్గర ఉండకపోవడమే ఇందుకు కారణం. విరమణకు అటూ ఇటూ ఉన్న ఐదారేళ్ళు అందుకే అన్నిటికన్నా సున్నితమైనవి.

అయితే నాకు ఈ అంకెలకన్నా ఎక్కువ నేర్పింది మా పెద్దనాన్నగారి లెక్కల పుస్తకం. ఆయన ఇరవై ఏళ్ళ పాటు ప్రతి నెలా తీసుకున్నదీ, మిగిలినదీ ఎర్ర గీతలు కొట్టి రాసుకున్నారు. మొదటి పుటల్లో ముత్యాల్లాంటి అంకెలు. 81వ ఏట నుంచి అక్షరం వణికింది. ఒకచోట తీసివేతలో పదివేల స్థానం తప్పింది, ఆ తప్పు మీదే తరువాతి పద్నాలుగు నెలల లెక్క నడిచింది. ఒక నెల సొమ్ము రెండుసార్లు తీసినట్టు ఆయనకే తెలియలేదు. ఆయన వెళ్ళిపోయాక ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దమ్మకు అందులో ఒక్క వరుసా అర్థం కాలేదు.

అప్పటి నుంచి నేను ఈ రెండింటినీ రాబడితో తూచడం మానేశాను. 85వ ఏట ఈ డబ్బును ఎవరు చూసుకుంటారు, అప్పటికి నేను లేకపోతే నా భాగస్వామి చూసుకోగలరా అన్నదే నాకు ముఖ్యం. ఆ కొలమానంతో చూస్తే తిండి, ఇల్లు, మందులు, బీమా వంటి తప్పనిసరి ఖర్చులకు జీవితాంతపు పింఛనే మేలు. ప్రభుత్వం నుంచో, పనిచేసిన సంస్థ నుంచో అలాంటి పింఛను ఇప్పటికే ఎంత వస్తుందో చూసుకుని, తప్పనిసరి ఖర్చుల్లో అది మోయలేని భాగానికి మాత్రమే యాన్యుటీ కొనుక్కోవాలి. ప్రయాణాలు, కానుకలు, అనుకోని ఖర్చులు, వారసులకు వదలాలనుకున్నదీ సొంత నిధిలోనే ఉండాలి, ఎందుకంటే దీర్ఘకాలంలో ధరలతో పాటు పెరిగే అవకాశం షేర్లకు ఎక్కువ. పింఛనే చాలినంతగా ఉన్నవారికి యాన్యుటీ అనవసరం. తీవ్రమైన జబ్బుతో ఉన్నవారూ సాధారణ రేటుకు దాని జోలికి పోకపోవడమే మంచిది. సంతానం లేక, దీర్ఘాయుష్షు ఉన్న వంశంలో పుట్టినవారు మాత్రం ఇంకాస్త ఎక్కువే కొనవచ్చు.

కొనేదంతా విరమణ రోజునే కొననక్కరలేదు. 60 నుంచి 75 మధ్య మూడు నాలుగు విడతలుగా కొంటే ఒక్క రోజు వడ్డీ రేటుకు జీవితాన్ని కట్టిపడేసుకోవలసిన పని ఉండదు, వయసు పెరిగేకొద్దీ అదే సొమ్ముకు నెలసరి మొత్తమూ ఎక్కువ వస్తుంది. దంపతులైతే ఇద్దరిలో చివరివరకు ఉన్నవారికీ అందే ఉమ్మడి రకాన్నే ఎంచుకోవాలి. ఒక్కరి పేర కొంటే నెలకు కొంచెం ఎక్కువ వస్తుంది గానీ, ఆ ఒక్కరితోనే ఆగిపోతుంది. ఏటా కొద్దిగా పెరిగే రకం దొరికితే మొదట్లో తక్కువ వచ్చినా దానినే తీసుకోవాలి.

పెద్దమ్మ 76వ ఏట మిగిలిన నిధిలో సగానికి యాన్యుటీ తీసుకున్నారు. ఇప్పుడు ప్రతి నెలా ఒకే తేదీన ఒకే అంకె ఆమె ఖాతాలో పడుతోంది. మిగతా సగాన్ని ఏడాదికి ఒక్కసారి, ఆమె పక్కనే కూర్చుని, నేను చూసి చెబుతున్నాను.