నా పాత పికప్ హీటరు: పన్నెండు చలికాలాల వాడకం

నేను సమీక్షిస్తున్నది 2009లో తయారైన, ఏసీ లేని, సింగిల్ క్యాబిన్ డీజిల్ పికప్. 2013లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటి నుంచి వారానికి మూడు నాలుగుసార్లు బెంగళూరు కె.ఆర్.పురం నుంచి హోస్కోటె, చింతామణి మీదుగా మదనపల్లెకు వెళ్లి, రాత్రిపూట టమాటా సరుకు వేసుకుని తెల్లవారేలోగా తిరిగి వస్తున్నాను. ఇంజను, గేరుబాక్సు, కమాన్ల గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. వేళకు ఆయిలూ గ్రీజూ పెడితే అవి పనిచేస్తూనే ఉన్నాయి. నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టినది హీటరే కాబట్టి ఈ సమీక్ష అంతా దాని గురించే రాస్తున్నాను.

మన ప్రాంతంలో హీటరు దేనికని చాలామంది అంటారు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, చింతామణి దాకా దారి ఆ పీఠభూమి మీదే సాగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మూడింటికీ ఐదింటికీ మధ్య ముందద్దం బాగా చల్లబడి ఉంటుంది. లోపల ఇద్దరి ఊపిరి, తడిసిన గోనెపట్టల తేమ కలిసి ఆ అద్దానికి లోపలి వైపున ఆవిరిలా పట్టేస్తాయి. గుడ్డతో తుడిస్తే రెండు నిమిషాలు ఆగి మళ్లీ పడుతుంది. ఏసీ లేని బండిలో ఆ తేమను పోగొట్టేది అద్దం మీదికి కొట్టే వేడిగాలి ఒక్కటే. లైట్లు లేకుండా ఎదురొచ్చే ట్రాక్టరు కనిపించాలంటే నాకు ఆ గాలి కావాలి.

2017 చలికాలంలో ఆ గాలి గోరువెచ్చగా మారింది. మొదట వెళ్లిన షెడ్డులో మెకానిక్ పైపులు చూసి, "అన్నా, మన ఊళ్లో హీటరుతో పనేముంది? రెండు పైపులూ కలిపేస్తాను, ఇంక ఏ బాధా ఉండదు" అన్నాడు. ఇక్కడ ఇది మామూలుగా జరిగే పనే. ఇంజనును చల్లార్చే ద్రవం, అంటే కూలెంటు, అక్కడ వేడెక్కి ఒక పైపు గుండా డాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటరులోకి వెళ్లి, రెండో పైపు గుండా వెనక్కి వస్తుంది. దాని మీదుగా బ్లోయరు తోసే గాలే మనకు వేడిగా తగులుతుంది. ఆ చిన్న రేడియేటరునే హీటరు కోరు అని, షెడ్డుల్లో కాయిలు అని అంటారు. రెండు పైపులనూ నేరుగా కలిపేస్తే ఇంజను నడుస్తుంది, కానీ చలి రాత్రుల్లో అద్దం తేటపడే దారి లేకుండా పోతుంది. ఎండాకాలంలో కాళ్ల దగ్గర సెగ కొడుతోందన్నా ఇదే వైద్యం చేస్తారు. నిజానికి అప్పుడు చూడవలసింది హీటరులోకి కూలెంటును వదిలే వాల్వు పూర్తిగా మూసుకుంటోందా లేదా అన్నది. నేను ఒప్పుకోలేదు.

మొదటి గుర్తు మీటరులో కనిపించింది. హోస్కోటె దాటి ఖాళీ రోడ్డు మీద వేగం అందుకోగానే ఉష్ణోగ్రత ముల్లు కిందికి జారేది, ట్రాఫిక్‌లో ఆగితే పైకి వచ్చేది. ఇంజను వేడెక్కాకే కూలెంటును పెద్ద రేడియేటరులోకి వదిలే థర్మోస్టాట్ మూసుకోకుండా తెరుచుకునే ఉండిపోతే కూలెంటు ఎప్పుడూ పెద్ద రేడియేటరు గుండానే తిరిగి, ఎదురుగాలికి చల్లారిపోతుంది. విప్పిన థర్మోస్టాట్‌ను ఇంటికి తెచ్చి గిన్నెడు నీళ్లలో వేసి చూశాను. దాని మీద 82 అని అచ్చు ఉంది, అంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి. అది చన్నీళ్లలోనే గోరు దూరేంత సందు ఇచ్చి ఉంది. కొత్త థర్మోస్టాట్, గ్యాస్కెట్టు, కూలీ కలిపి 1,400 రూపాయలైంది. ముల్లు నిలకడగా మధ్యకు వచ్చింది, గాలి కొంత మెరుగైంది, అయినా అద్దం సగమే తేటపడేది.

రెండో షెడ్డులో డాష్‌బోర్డు మొత్తం విప్పి కాయిలు మార్చాలని, 9,000 రూపాయలు అవుతుందని చెప్పారు. ఒప్పుకుని బయానా ఇవ్వబోతున్న వారంలోనే హోస్కోటెలో రేడియేటర్లు అతికే ఒక పెద్దాయన, కుప్పం వైపు మనిషి, బానెట్ ఎత్తించి, ఇంజను వేడెక్కాక హీటరుకు వెళ్లే రెండు పైపులనూ చేత్తో పట్టి చూశారు. "నాయనా, ఒగటి కాలిపోతా ఉండాది, రెండోది గోరువెచ్చగా ఉండాది. లోపల పూడుకోని ఉండాది. ఏ నీళ్లు పోస్తా ఉండావు?" అని అడిగారు. దారిలో ఎక్కడ బోరు కనిపిస్తే అక్కడి నీళ్లు పోసేవాడినని చెప్పాను. చౌడు బోరు నీళ్లు వేడెక్కినప్పుడు నీళ్ల గిన్నె అడుగున తెల్లగా పట్టే పొర ఎలాంటిదో, కోరులోని సన్నని గొట్టాల్లో తుప్పుతో కలిసి పట్టేదీ అలాంటిదే.

ఆ రోజు తెలుసుకున్న పద్ధతినే ఇప్పటికీ పాటిస్తున్నాను. ఇంజను బాగా వేడెక్కి, హీటరు మీట పూర్తిగా వేడి వైపు ఉన్నప్పుడు రెండు పైపులూ వేడిగా ఉండి గాలి మాత్రం చల్లగా వస్తే తప్పు గాలిని కోరు మీదుగా మళ్లించే లోపలి తలుపులోనో దాని కేబుల్‌లోనో ఉంటుంది. ఒకటి వేడిగా, రెండోది బాగా చల్లగా ఉంటే కోరు పూడి ఉండవచ్చు లేదా వాల్వు తెరుచుకోకపోవచ్చు. రెండూ చల్లగా ఉంటే ముందు కూలెంటు మట్టం, ఎయిర్ లాక్ (పైపుల్లో గాలి చిక్కుకోవడం) చూడాలి. చేతికి బదులు అప్పటి నుంచీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడుతున్నాను. నల్లటి రబ్బరు పైపు మీద అది నమ్మదగిన అంకె చూపుతుంది, మెరిసే లోహపు గొట్టం మీద తక్కువ చూపి మోసం చేస్తుంది. ఆ రోజుల్లో నా బండిలో వెళ్లే పైపు 78, వచ్చే పైపు 46 డిగ్రీలు ఉండేవి.

ఇంజను పూర్తిగా చల్లారాక రెండు పైపులూ ఊడదీసి, మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే మామూలు ఒత్తిడితోనే నీళ్లను కూలెంటు వెనక్కి వచ్చే పైపు వైపు నుంచి ఎదురు పంపించాం. కంప్రెసరు గాలి పెట్టనివ్వలేదు, పాత కోరు దానికి చిట్లిపోతుంది. మొదట ఇటుక రంగు నీళ్లు, తరువాత తెల్లటి ఇసుకలాంటి పొడి వచ్చాయి. తేట నీళ్లు రావడానికి దాదాపు ముప్పావు గంట పట్టింది. డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సమపాళ్లలో పోసి, బండి ముక్కు ఎత్తుగా ఉండేలా నిలిపి, రేడియేటరు మూత తీసి ఉంచి, చల్లటి ఇంజనును అప్పుడే స్టార్ట్ చేసి బుడగలు ఆగేదాకా నడిపాం. (వేడి ఇంజను మీద ఆ మూత ఎవరూ తీయకూడదు, ఒత్తిడితో మరుగు నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.) మరునాడు అంకెలు 79, 68. చింతామణి చేరేలోగానే అద్దం అంచులదాకా తేటపడింది. ఆ రాత్రి నాకు కలిగిన నిమ్మళం ఇప్పటికీ గుర్తుంది.

తరువాతి మరమ్మతులు చిన్నవి. 2021లో కేబుల్ క్లిప్పు జారి తలుపు సగంలో నిలిచిపోయింది, పది నిమిషాల పని. బ్లోయరు చివరి వేగంలో తప్ప తిరగకపోవడానికి కారణం దాని వేగాన్ని తగ్గించే రెసిస్టరు కాలిపోవడం. మోటారు మార్చనవసరం లేదు.

బండిని తయారుచేసిన తీరులో పైపులూ వాల్వూ ఇంజను గదిలో చేతికందేలా పెట్టడం నాకు చాలా నచ్చింది. కోరును డాష్‌బోర్డు లోతుల్లో దాచడం నచ్చలేదు. డీజిల్ ఇంజను ఆలస్యంగా వేడెక్కుతుంది కాబట్టి ఊరికే ఆన్ చేసి నిలబెడితే గాలి వేడెక్కదు, పది కిలోమీటర్లు నడవాలి. గాలి మీటను బయటి గాలి వైపు ఉంచాలి. లోపలి గాలినే తిప్పితే తేమ పోదు.

ఈ నవంబరు నుంచి క్యాబిన్‌లో తియ్యటి వాసన వస్తోంది, అద్దం మీద జిడ్డు పొర పడుతోంది, ఎడమ వైపు మ్యాటు కింద తడిగా ఉంది. రిజర్వు డబ్బాలో వారానికి వేలెడు మట్టం తగ్గుతోంది. కోరు కారడం మొదలైందనడానికి ఇవి చాలు, ఈసారి డాష్‌బోర్డు విప్పక తప్పదు. బెంగళూరు జె.సి. రోడ్డులో కొత్త కోరు చూసి పెట్టాను. సంక్రాంతి రద్దీ ముగియగానే బండిని రెండు రోజులు షెడ్డులో ఉంచి మార్పించబోతున్నాను. కూలెంటు తియ్యగా ఉండే విషం కనుక, పాతదాన్ని వీధికుక్కలు నాకకుండా మూత ఉన్న క్యానులోకి పట్టమని మెకానిక్‌కు ఇప్పుడే చెప్పి ఉంచాను.