పీఎఫ్ కరోనా అడ్వాన్సు: ఒక సైటు ఇంజనీరు అనుభవం

2020 ఏప్రిల్‌లో నాకు సగం జీతమే పడింది. కోకాపేటలో మేము కడుతున్న అపార్టుమెంటు పదహారో అంతస్తు సెంట్రింగ్ దగ్గర ఆగిపోయింది. ఐదుగురు ఇంజనీర్లలో ఇద్దరిని ఇక రావద్దన్నారు. ఆ కబురు వాళ్ళకు సాయంత్రం ఆరు దాటాక ఫోనులో వచ్చింది. అప్పటినుంచి ఆ వేళప్పుడు ఆఫీసు నంబరు కనిపిస్తే చాలు, నాకు గుండె జారిపోయేది. ఇంటి అద్దె, తెనాలిలో అమ్మ మందులు, పాప పాలడబ్బా ఏవీ ఆగవు కదా. ఆ నెలలో నన్ను వడ్డీ అప్పు జోలికి పోనివ్వకుండా కాపాడింది పీఎఫ్ అడ్వాన్సే.

మార్చి 28న నిబంధనలు సవరించి ఈ వెసులుబాటు ఇచ్చారు, 2024 జూన్‌లో ఆపేశారు. ఖాతాలో ఉన్నదాంట్లో 75 శాతం, లేదా మూడు నెలల మూలవేతనం, కరవు భత్యం కలిపిన మొత్తం, రెంటిలో ఏది తక్కువైతే అది ఇచ్చేవారు. తిరిగి కట్టాల్సిన పని ఉండేది కాదు. నా ఖాతాలో 1,46,000 రూపాయలున్నా, మూలవేతనం 14,000, కరవు భత్యం లేదు కాబట్టి 42,000 వచ్చాయి. మూలవేతనం తక్కువ చూపించి మిగతాది అలవెన్సులుగా ఇచ్చే కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు ఇలాగే తక్కువ వచ్చేది.

నాకు అన్నిటికన్నా నచ్చింది, యజమాని సంతకం అక్కర్లేకపోవడం. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియనప్పుడు వాళ్ళ ముందు చేయి చాచకుండా మన సొమ్ము మనం తీసుకోగలగడం చాలా పెద్ద ధైర్యం. యూఏఎన్‌కు, అంటే పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే నంబరుకు, ఆధార్, బ్యాంకు ఖాతా జతపడి ఉంటే దరఖాస్తు పది నిమిషాల పనే అయ్యేది. చెక్కు ఫొటో మాత్రం స్పష్టంగా ఉండాల్సి వచ్చేది. కూలీలు సైటులోనే రేకుల షెడ్లలో ఉండిపోయారు కాబట్టి, వాళ్ళ బియ్యం, నీళ్ళు చూసుకోవడానికి రోజు విడిచి రోజు వెళ్ళేవాణ్ణి. అక్కడే డ్రాయింగులు పరిచే బల్ల మీద చెక్కు పెట్టి, గాలికి ఎగరకుండా మూలల్లో కమ్మీ ముక్కలుంచి ఫొటో తీశాను. శుక్రవారం పంపితే బుధవారం డబ్బు పడింది. సేవకు ఐదుకు ఐదు.

ఆ ఫొటో తీస్తుంటే మా సెంట్రింగ్ మేస్త్రీ పక్కనే నిలబడి చూశాడు. జార్ఖండ్ మనిషి, హైదరాబాదులో ఆరేళ్ళుగా పని. సిమెంటుకు పగిలిన వేలితో ఫోను తెర చూపించి, “నాకూ ఉంటుందా సార్?” అని హిందీలో అడిగాడు. వెతికాం. ఆయన పేరు మీద ఏ ఖాతా లేదు. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ కట్టాలని చట్టం చెబుతోంది. మా సైటులో సెంట్రింగ్ వాళ్ళే నలభై మంది. వాళ్ళ కాంట్రాక్టరు ఒక్కరినీ నమోదు చేయలేదు. మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, రోజూ చూసే నేను ఆ సంగతి అంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక రైలు బయలుదేరిందని తెలియగానే షెడ్లన్నీ కదిలాయి. మేస్త్రీ రెండు వారాల తర్వాత వెళ్ళాడు, చేతిలో బాకీ కూలి కూడా పూర్తిగా లేకుండా.

2021 మే 31న రెండోసారి కూడా అడ్వాన్సు తీసుకోవచ్చని ప్రకటించారు. నేను దరఖాస్తు పెట్టాను. మేస్త్రీ తిరిగొచ్చి వేరే కాంట్రాక్టరు దగ్గర చేరాడు. అప్పుడు ఇద్దరం కలిసి ఆయన పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూశాం. ఒక నెల చందా పడింది.