బరంపురంలో మొబైల్ డిజైన్ తరగతులు: ఒక సమీక్ష

బరంపురంలో ఆదివారాలు జరిగే మొబైల్ యాప్‌ల డిజైన్ తరగతుల గురించి, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి ఈ రంగంలోకి రావాలనుకునే తెలుగువారి కోసం ఈ అభిప్రాయం రాస్తున్నాను. బోధించేవారు పరిశ్రమలో పనిచేసినవారు కావడం వల్ల, వాడుకదారులు ఎక్కడ తడబడ్డారో, బృందం దాన్ని ఎలా సరిదిద్దిందో చెప్పడంతోనే పాఠం మొదలవుతుంది.

అన్నిటికంటే విలువైనది బటన్ల పరిమాణంపై జరిగిన చర్చ. లక్ష్యం చిన్నదై, దూరంగా ఉన్నకొద్దీ దాన్ని అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో ప్రతిపాదించిన సూత్రాన్ని వివరించి, ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు తాకే చోటుకు కనీసం 48 డీపీ (ఏ తెరపైనైనా దాదాపు ఒకే పరిమాణంలో కనిపించే కొలమానం), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు, ఎందుకు సూచిస్తాయో మా ఫోన్ల మీదే కొలిపించి చూపారు. తెలుగు ఒత్తులు కిందికి దిగుతాయి కనుక ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదని, అనువాదం పొడవైతే బటన్‌లో మాట తెగిపోతుందని ఒడియా, తెలుగు తెరలను పక్కపక్కన పెట్టి నిరూపించారు. ఇంట్లో పెద్దలు తెలుగు, బడిలో పిల్లలు ఒడియా చదివే మన ప్రాంతానికి ఇంతకంటే అవసరమైన పాఠం లేదని నా నమ్మకం.

రంగుల పాఠం క్లుప్తంగానే ముగిసింది. మామూలు పరిమాణపు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగులో కనీసం 4.5:1 వ్యత్యాసం ఉండాలన్న నియమం మాత్రం గుర్తుండిపోతుంది.

అయితే అభ్యాసాలన్నీ ఖరీదైన ఫోన్లపైనే సాగాయి. సిగ్నల్ సరిగా అందని కొండ ఊళ్లలో, తక్కువ ధర ఫోన్లపై పరీక్షించే పాఠాన్ని తప్పక చేర్చాలి. ప్రోగ్రామింగ్ ఇక్కడ నేర్పరు కనుక, అది కావలసినవారు వేరే శిక్షణ చూసుకోవాలి.