గేమింగ్, ఎడిటింగ్ కంప్యూటర్ చేయించుకునే అనంతపురం వాసులకు హెచ్చరిక: సగం పేర్ల కొటేషన్లతో జాగ్రత్త

గేమ్స్‌కూ వీడియో ఎడిటింగ్‌కూ పనికొచ్చే కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుందామని దుకాణాల చుట్టూ తిరుగుతున్నవారు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. ఈ హెచ్చరిక నకిలీ సరుకు గురించి కాదు. నకిలీ అయితే పట్టుకోవడమూ తేలికే, నిలదీయడమూ తేలికే. ఇక్కడ కొటేషన్‌లో రాసిన వస్తువులన్నీ ఇచ్చారు. కానీ రాసినవన్నీ సగం పేర్లు. మిగతా సగం ఏమిటో దుకాణంవారే నిర్ణయించుకున్నారు, ప్రతిచోటా తమకు మిగిలే వైపే.

కొన్నది మా బావమరిది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం అతని జీవనాధారం. పని లేని రాత్రుల్లో వాళ్ల అబ్బాయి అదే యంత్రం మీద గేమ్స్ ఆడుకుంటాడు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కాస్త తక్కువకు దొరుకుతుందని అతనికి తెలుసు. రేపు ఏదైనా చెడిపోతే క్యాబినెట్ మోసుకుంటూ రైలెక్కే బాధ ఉండదని ఊళ్లోనే కొన్నాడు. అది సరైన ఆలోచనే. దగ్గరి దుకాణం మీద ఉండే ఆ నమ్మకాన్నే సొమ్ము చేసుకున్నారన్నది నా కోపం.

కొటేషన్ చీటీ నా దగ్గరే ఉంది. 'రైజెన్ 7 5700 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 3060 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎన్‌వీఎమ్‌ఈ, 500 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్.' (ఎన్‌వీఎమ్‌ఈ అంటే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ స్టోరేజి, ఎస్‌ఎమ్‌పీఎస్ అంటే యంత్రానికి కరెంటు అందించే పెట్టె.) కింద తొంభై వేలు దాటిన మొత్తం. కంపెనీ పేర్లు లేవు, మోడల్ నంబర్లు లేవు. నోటిమాటగా చెప్పింది వేరు: ప్రాసెసర్ 5700ఎక్స్, ర్యామ్ 8 జీబీవి రెండు, కార్డు 12 జీబీది. కార్డు విషయం మాత్రం అదృష్టవశాత్తూ వాట్సాప్‌లో కూడా ఉంది: '12 జీబీ స్టాక్ ఉంది అన్నా, రేపు బిగించేస్తాం' అని వాళ్లే రాశారు.

బిగించింది 8 జీబీ కార్డు.

ఆర్‌టీఎక్స్ 3060 అనే పేరు మీద రెండు రకాల కార్డులు ఉన్నాయని చాలామందికి తెలియదు. 2021లో వచ్చింది 12 జీబీది, దాని మెమరీ బస్సు (డేటా నడిచే దారి వెడల్పు) 192 బిట్లు, వేగం సెకనుకు 360 జీబీ. 2022 చివర్లో అదే పేరుతో 8 జీబీది వచ్చింది. అందులో బస్సు 128 బిట్లే, వేగం 240 జీబీ. అంటే తగ్గింది నాలుగు జీబీలు మాత్రమే కాదు, వేగంలో మూడో వంతు కూడా. గేమ్స్‌లో తేడా కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో ఇంకా ఎక్కువ. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ రిడక్షన్ వేస్తే గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందన్న సందేశం ఎంత త్వరగా ఎదురవుతుందో ఆ పని చేసేవారికి చెప్పనక్కర్లేదు. ఈ పేరు పెట్టిన తయారీ కంపెనీ ఎన్‌విడియాను కూడా నేను వెనకేసుకు రాను. కొనేవాడు తికమక పడితే లాభపడేలా పేర్లు పెట్టడం వాళ్లకు అలవాటే.

ప్రాసెసర్ కథ ఇంకా సన్నగా ఉంటుంది. నోటితో చెప్పింది 5700ఎక్స్, బిగించింది 5700. 5700, 5700ఎక్స్ రెండింటిలోనూ ఎనిమిది కోర్లే, గరిష్ఠ వేగం కూడా 4.6 గిగాహెర్ట్జే. కాగితం మీద చూస్తే 5700 కనీస వేగమే కాస్త ఎక్కువ. అసలు తేడా కాగితం మీద రాయని చోట ఉంది. ఎక్స్ ఉన్నదానికి ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) 32 ఎంబీ, లేనిదానికి 16 ఎంబీ. గేమ్స్‌లో ఫ్రేములు తగ్గేది ఇక్కడే. పైగా కార్డు, ఎస్‌ఎస్‌డీలతో డేటా నడిచే దారి (పీసీఐఈ) ఎక్స్ ఉన్నదానిలో 4.0 తరం, లేనిదానిలో 3.0 తరం. అందువల్ల 'సెకనుకు ఏడు వేల ఎంబీ' అని చెప్పి జెన్ 4 (పీసీఐఈ 4.0) ధరకు అమ్మిన ఆ ఎన్‌వీఎమ్‌ఈ ఈ యంత్రంలో మూడున్నర వేల దగ్గరే ఆగిపోతుంది. ఒక్క అక్షరం ఎగ్గొట్టి రెండు వస్తువుల్లో కోత పెట్టారు. చీటీలో మాత్రం అబద్ధం ఒక్కటీ లేదు.

ర్యామ్ 16 జీబీదే, కానీ ఒకటే కర్ర (స్టిక్). రెండు పెడితే రెండు దారుల్లో నడవాల్సిన డేటా ఒక దారిలోనే నడుస్తోంది. 'ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, తర్వాత ఇంకొకటి వేసుకోవచ్చని ఒకటే పెట్టాం' అన్నారు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు పెరిగిన మాట నిజమే. తర్వాత పెంచుకోవడానికి ఒక స్లాటు ఖాళీగా ఉంచుకోవడం కూడా కొందరికి మంచిదే. అయితే అది కొనేవాడిని అడిగి చేయాల్సిన పని. ఇంకో సంగతి, 3200 వేగమని రాసి ఉన్న ఆ ర్యామ్, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మూల సెట్టింగుల్లో) దాని వేగపు ప్రొఫైల్ ఆన్ చేయకపోవడంతో 2400 దగ్గరే నడుస్తోంది. రెండు నిమిషాల పని అది.

ఇక ఎస్‌ఎమ్‌పీఎస్. మిగతావన్నీ డబ్బు నష్టం, ఇది యంత్రాన్నే తినేసే సంగతి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

స్టిక్కర్ మీద పెద్ద అక్షరాలతో 500 వాట్లు. దాని కింద ఒక చిన్న పట్టిక ఉంటుంది, ఎవరూ చూడరు. అందులో 12 వోల్టుల గడిలో ఉన్నది 18 ఆంపియర్లు. పన్నెండును పద్దెనిమిదితో గుణించండి: 216 వాట్లు. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఈ 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి. 3060 ఒక్కటే 170 వాట్ల వరకు తీసుకుంటుంది. ఈ 65 వాట్ల తరగతి ప్రాసెసర్ పూర్తి లోడు మీద 88 వాట్ల దాకా వెళ్లగలదు. రెండూ కలిస్తే 258. అంటే గుణకారం ఒక్కటి చేస్తే చాలు, ఇది మోయలేదని స్టిక్కరే ఒప్పుకుంటోంది. ఈ కార్డుకు తయారీదారు సూచించేది 550 వాట్ల నాణ్యమైన ఎస్‌ఎమ్‌పీఎస్. కార్డుకు కావలసిన ఎనిమిది పిన్నుల వైరు కూడా ఇందులో లేదు. పాత నాలుగు పిన్నుల వైర్లకు అడాప్టర్ తగిలించి లాక్కొచ్చారు. మీ యంత్రంలో అలాంటి అడాప్టర్ కనిపిస్తే అక్కడే ఆగండి.

ఫలితం ఊహించగలరు. పెళ్లి వీడియో రెండర్ పెట్టిన కాసేపటికి సిస్టమ్ టప్పున ఆగిపోయేది. దుకాణంవారు మొదట విండోస్ అన్నారు, తర్వాత మీ ఇంటి కరెంటు అన్నారు. అనంతపురంలో వేసవిలో, బోరు మోటార్లు ఆన్ అయ్యే వేళల్లో వోల్టేజి ఎలా ఊగుతుందో వాళ్లకు తెలియదా? ఆ ఊగిసలాట ఉన్న ఊరు కాబట్టే ఇక్కడ ఎస్‌ఎమ్‌పీఎస్ మీద పొదుపు చేయకూడదు. '80 ప్లస్' ముద్ర ఉంటే మంచిదే, కానీ అది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే ముద్ర మాత్రమే. వారంటీ ఎన్నేళ్లు, 12 వోల్టుల మీద ఎన్ని ఆంపియర్లు అన్నవి అడగండి. ముందువైపు గాలి చొరబడని గాజు పలకా, లోపల రంగుల దీపాల ఫ్యాన్లూ ఉన్న క్యాబినెట్ కూడా అంటగట్టారు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ముందు జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకోండి, దీపాలు పెళ్లి మండపంలో చాలు.

ఎడిటింగ్ చేసేవారికి విడిగా ఒక మాట. ఇది మోసం కింద రాదు, సలహా చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడం. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు హెచ్.265 అనే కంప్రెషన్ పద్ధతిలో 10 బిట్ 4:2:2 (రంగు వివరాలు ఎక్కువగా ఉండే) ఫుటేజీ ఇస్తాయి. ఎన్‌విడియా కార్డుల్లో దాన్ని హార్డ్‌వేర్‌లో విప్పగలిగేవి ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి నుంచే వచ్చాయి. 3060 వల్ల కాదు. లోపల గ్రాఫిక్స్ లేని ఈ రైజెన్ వల్ల అంతకన్నా కాదు. అదే ఇంటెల్ 12400 లాంటి ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ ఆ పని చులాగ్గా చేస్తుంది. అక్కడ కూడా ఒక అక్షరం కాచుకుని ఉంది: చివర 'ఎఫ్' ఉంటే లోపలి గ్రాఫిక్స్ ఉండదు. గేమ్స్ మాత్రమే ఆడేవారికి ఎఫ్ రకం లాభమే, ఎడిటర్‌కు కాదు. మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుందో అడగకుండా ఎడిటింగ్ కంప్యూటర్ భాగాలు చెప్పే దుకాణదారుకు ఆ పని తెలియదనే అనుకోండి.

నేను వెళ్లి అడిగినప్పుడు వచ్చిన జవాబు ఇది: 'మీరు 3060 అడిగారు, 3060 ఇచ్చాం. 5700 అన్నారు, 5700 ఇచ్చాం. ఇందులో తప్పేముంది అన్నా?' వాట్సాప్ చూపిస్తే మాట మారింది: 'ఆ స్టాక్ అయిపోయింది.' బిల్లు అడిగితే, జీఎస్టీ కలిపితే ధర పెరుగుతుందన్నారు. అప్పటివరకు ఇచ్చింది చేతిరాత ఎస్టిమేట్ చీటీ మాత్రమే. దాని అడుగున అచ్చు వేసిన మాట: 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.'

కాబట్టి కొటేషన్ ఎలా ఉండాలో చెబుతాను. ప్రతి వస్తువుకూ కంపెనీ, పూర్తి మోడల్ పేరు, పెట్టె మీద ఉండే పార్ట్ నంబరు రాయించండి. గ్రాఫిక్స్ కార్డుకు మెమరీ ఎంతో, ర్యామ్‌కు ఎన్ని కర్రలు, ఏ వేగమో, ఎస్‌ఎమ్‌పీఎస్‌కు మోడల్ నంబరు. మదర్‌బోర్డు దగ్గర 'బీ550' అని ఆపేస్తే చాలదు, ఆ చిప్‌సెట్ మీద డజన్ల కొద్దీ బోర్డులున్నాయి. ప్రాసెసర్ సీలు వేసిన పెట్టెలో వస్తుందా, విడిగా ట్రేలోదా అని అడగండి. ట్రేలోదానికి సాధారణంగా అమ్మినవాడి మాటే వారంటీ. 'ఇది లేకపోతే దీనికి సమానమైనది పెడతాం' అంటే, నన్ను అడగకుండా ఏదీ మార్చకూడదని అదే కాగితం మీద రాయించండి. రాయడానికి ఇష్టపడని దుకాణం నుంచి అక్కడికక్కడే లేచి రావచ్చు, మీకు పోయేదేమీ లేదు.

బిల్లు జీఎస్టీతోనే తీసుకోండి, సీరియల్ నంబర్లతో సహా. మన రాష్ట్రంలోని దుకాణం జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, బెంగళూరుదైతే 29తో. మొత్తం 15 అక్షరాలు, జీఎస్టీ పోర్టల్‌లో కొడితే దుకాణం పేరు కనబడుతుంది. పెట్టెలు మీ ఎదురుగా తెరిపించండి, ఖాళీ పెట్టెలన్నీ ఇంటికి తెచ్చుకోండి.

ఇప్పటికే కొన్నవారు టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడండి. వేగం ఎంత, ఎన్ని స్లాట్లు నిండాయి అన్నది అక్కడే ఉంటుంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కార్డు అసలు మెమరీ, బస్సు చూపిస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో చెబుతుంది. కొత్తదని ఇచ్చింది వందల గంటలు చూపిస్తే అడగండి.

చట్టం కొనేవాడి వైపే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మకందారు చెప్పిన ప్రమాణానికి వస్తువు తగ్గినా అది లోపమే. 12 జీబీ అని రాసి 8 ఇవ్వడం అందులోకి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడమూ, గడువు రాయనప్పుడు 30 రోజుల్లోపు లోపమున్న సరుకు వాపసు తీసుకోకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతులే. ఎడిటింగ్ వ్యాపారం కదా, వినియోగదారు ఎలా అవుతారని కొందరు బెదిరిస్తారు. సొంత ఉపాధితో బతకడానికి కొన్న వస్తువుకు ఆ అడ్డంకి లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయవచ్చు. బెంగళూరులో కొన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

1915లో ఫిర్యాదు నమోదయ్యాక ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చారు, జీఎస్టీ బిల్లు ఇచ్చారు, ఒక్క కర్ర బదులు 8 జీబీవి రెండు వేశారు. రెండర్ మధ్యలో ఆగిపోవడం పోయింది. ప్రాసెసర్, కార్డు మాత్రం మార్చబోమంటున్నారు. వాట్సాప్ సందేశాల కాపీలు, కొటేషన్ చీటీ, జీపీయూ-జెడ్ చిత్రం జతచేసి కమిషన్‌కు వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. విషయం తేలేవరకు దుకాణం పేరు రాయను. మీ చేతిలో ఉన్న కొటేషన్ సరిగ్గా ఉందో లేదో సందేహం ఉంటే ధర, దుకాణం పేరు చెరిపేసి కింద పెట్టండి, ఎక్కడెక్కడ పేరు సగంలో ఆగిందో చూసి చెబుతాను.