చిన్న కాన్వాయా, పెద్ద కాన్వాయా?

రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ దాటే సరుకు ఓడలను గుంపులుగా (కాన్వాయ్), చుట్టూ కాపలా నౌకలతో పంపేవారు. గుంపులో ఎన్ని ఓడలుండాలి? బ్రిటిష్ నౌకాదళం 40 చాలనుకుంది. 60 దాటితే ఒప్పుకునేది కాదు. భౌతిక శాస్త్రవేత్త బ్లాకెట్ బృందం పాత ప్రయాణాల లెక్కలన్నీ తిరగేసింది.

నష్టం: సగటున 32 ఓడలున్న గుంపుల్లో 2.5 శాతం మునిగాయి. 54 ఉన్నవాటిలో 1.1 శాతమే!

కాపలా ఖర్చు: నాకు బాగా నచ్చేది ఇదే. కాపలా కాయాల్సిన చుట్టుకొలత 80 ఓడల గుంపుకు, 40 ఓడల గుంపు కంటే ఏడో వంతే ఎక్కువని ఆ బృందం లెక్క. అంటే ఓడలు రెట్టింపైనా కాపలా నౌకలు కాసిని పెంచితే చాలు.

ప్రమాదం: పెద్ద గుంపు జర్మన్ జలాంతర్గాముల కంటబడుతుందని అందరికీ టెన్షన్. కానీ లోపలికి చొరబడ్డ జలాంతర్గామి ముంచగలిగే ఓడలు రెండింట్లోనూ దాదాపు అన్నే.

శ్రమ: ఇక్కడ చిన్నదే నయం. నడపడం, రేవులో సరుకు దించడం తేలిక.

కాపలా నౌకలకు కొరత, జలాంతర్గాముల బెడద ఉంటే పెద్ద కాన్వాయే సరి. 1943లో నౌకాదళం అటే మొగ్గింది. దాడి భయం లేని దారిలో, ఇరుకు రేవులకైతే చిన్నది చాలు.