డేటాను ఎన్‌క్రిప్ట్ చేయడానికి (ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడానికి) ఏఈఎస్-జీసీఎమ్ పద్ధతి వాడాలా, చాచా20-పాలీ1305 పద్ధతి వాడాలా?

వేగం: 2010 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో వస్తున్న ఏఈఎస్-ఎన్‌ఐ (ఏఈఎస్ లెక్కలను చిప్‌లోనే వేగంగా చేసే ఆదేశాలు) ఉంటే ఏఈఎస్‌దే పైచేయి. అలాంటి సాయం లేని రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో చాచా20 స్పష్టంగా ముందుంటుంది.

రిస్క్: నా దృష్టిలో వేగం కన్నా ఇదే ముఖ్యం. హార్డ్‌వేర్ సాయం లేనప్పుడు మెమరీలోని ముందే లెక్కించిన టేబుళ్లతో నడిచే ఏఈఎస్, క్యాష్ టైమింగ్ (టేబుల్ విలువలు తేవడానికి పట్టే సమయంలోని తేడాలు) ద్వారా కీ గుట్టు బయటపెట్టగలదు. చాచా20లో ఉన్నవి కూడిక, ఎక్స్‌ఓర్ (బిట్లను పోల్చే లెక్క), రొటేషన్ (బిట్లను చుట్టూ జరపడం) మాత్రమే, టేబుళ్లే లేవు. ఒకే కీతో నాన్స్ (ప్రతి సందేశానికీ వేరుగా ఉండాల్సిన సంఖ్య) మళ్లీ వాడితే మాత్రం రెండింటికీ ముప్పే.

శ్రమ: సమానమే. ఈ రెండు పద్ధతులనూ అందించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ సీపీయూను తనే గుర్తిస్తుంది. దాని speed కమాండ్‌తో వేగం కొలిచేటప్పుడు ఈవీపీ (-evp) ఆప్షన్ ఇవ్వండి. పాత వెర్షన్లలో అది లేకపోతే హార్డ్‌వేర్‌ను వాడని అంకెలే వస్తాయి.

సర్వర్ల మధ్య, కొత్త ల్యాప్‌టాప్‌లలో ఏఈఎస్. చవక బోర్డులు, పాత ఫోన్లకు చాచా20. అన్ని రకాల పరికరాలూ కనెక్టయ్యే సర్వర్లో రెండూ ఉంచి, ఎంపిక క్లయింట్‌కు వదలండి.